అరికాళ్ల దురద, నీటి పొక్కులు: దాచుకోవద్దు, రాసి పెట్టుకోండి

ఘాలాలోని ఒక క్యాంపుకి కాంట్రాక్టు కాగితాలు చదివి పెట్టడానికి శుక్రవారాలు వెళ్తుంటాను. అక్కడ జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు. ఎప్పుడు చూసినా మంచం మీద కాళ్లు దుప్పటి లోపల పెట్టుకునే కూర్చుంటాడు. ఏసీ చలికేమో అనుకున్నాను. ఒకరోజు టీ గ్లాసు అందుకోబోతే దుప్పటి జారింది. రెండు పాదాల మీదా సగ్గుబియ్యం గింజలు అతికించినట్టు పొక్కులు, మధ్యలో గోకిన గీతలు, ఎండిన రసి.

"ఏం లేదన్న, ఎండకు అట్లనే అయితది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. మా ఇంట్లో ఉన్న ఒక ట్యూబ్ తెచ్చి ఇచ్చాను కూడా. అది నేను చేసిన తప్పు. ఆ ట్యూబ్‌లో ఏముందో చదవకుండా ఇచ్చాను. వారం రోజులు బాగానే తగ్గింది, ఆపిన మూడో రోజుకి రెట్టింపై వచ్చింది. ఆ తర్వాత ఏడాది పాటు అతను అదే ట్యూబ్ ఊరి నుంచి తెప్పించుకుని పూసుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. ఎందుకంటే అతని మనసులో ఉన్న మాట వేరు. చాలాసేపటికి బయటికి వచ్చింది: "పెద్దరోగమని రాసి ఇంటికి పంపిస్తరేమో అని భయం."

ఈ పాఠం ఆ భయం గురించీ, ఆ పొక్కుల గురించీ. మన వాళ్లలో ఇలాంటి కాళ్లు చాలా ఉన్నాయి. స్లాబు పోసేవాళ్లు, టైల్స్ వేసేవాళ్లు, ఇళ్లలో బాత్‌రూములు కడిగే అక్కచెల్లెళ్లు, కిచెన్‌లో రోజంతా తడి నేల మీద నిలబడేవాళ్లు. నేను డాక్టర్ని కాదు, బీకాం చదివినవాణ్ణి. అందుకని మందు చీటీ రాయను. చర్మం డాక్టర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ, మన వాళ్లతో ఆసుపత్రులకి తిరిగి చూసిందీ చెప్తాను.

ముందు ఆ భయం సంగతి

పెద్దరోగం, అంటే కుష్టు, దురదతో నీటి పొక్కులుగా మొదలు కాదు. దాని మచ్చ దురద పెట్టదు, నొప్పి పెట్టదు. అక్కడ స్పర్శే తగ్గిపోతుంది, దూదితో రాసినా తెలియదు. మీ కాలు రాత్రి నిద్ర పట్టనివ్వనంత దురద పెడుతోందంటే అది వేరే సంగతి. స్పర్శ లేని మచ్చ ఉంటే మాత్రం దాచకుండా చూపించుకోండి, దానికీ మందు ఉంది, పూర్తిగా నయమవుతుంది.

ఈ దురద పొక్కుల్లో ఎక్కువ భాగం పక్కవాళ్లకి అంటుకునేవి కావు. కొన్ని అంటుకుంటాయి, వాటికి మందు సులువు. ఏది ఏదో తెలియాలంటే పొక్కు ఎక్కడ లేచింది, ఎప్పుడు లేచింది అన్న రెండు ప్రశ్నలు వేసుకోవాలి. డాక్టర్ కూడా మొదట అవే అడుగుతాడు.

పొక్కు ఎక్కడ లేచింది?

వేళ్ల సందుల్లో, ముఖ్యంగా చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య చర్మం నాని తెల్లబడి, పగిలి, వాసన వస్తుంటే అది ఎక్కువగా ఫంగస్. మనం తామర అంటామే, అదే జాతి. పాదం వంపులో, అంటే నేలకి ఆనని చోట, ఒక్క కాలికే గుంపుగా నీటి పొక్కులు లేచినా ఫంగస్‌నే ముందు అనుమానించాలి. క్యాంపు బాత్‌రూము నేల, ఒకరి చెప్పులు ఒకరు వేసుకోవడం, ఒకే తువ్వాలు నలుగురు వాడటం, ఇవే దానికి దారులు. ఇంకో వింత ఉంది. కాలిలో ఫంగస్ ఉంటే అరచేతుల్లో కూడా పొక్కులు లేవవచ్చు. చేతుల్లో ఫంగస్ ఉండదు, ఒంట్లో పుట్టిన ప్రతిస్పందన అది. చేతులకి ఎంత మందు రాసినా తగ్గదు, కాలికి మందు పెడితే చేతులు బాగవుతాయి. కాబట్టి చేతులు చూపించడానికి వెళ్లినా సాక్సు విప్పి కాళ్లు కూడా చూపించండి.

పాదం పైభాగాన, బూటు తోలు ఆనుకునే చోట, రెండు కాళ్లకీ ఇంచుమించు ఒకేలా వచ్చి వేళ్ల సందులు మాత్రం శుభ్రంగా ఉంటే అది బూటు మీద అనుమానం. తోలు పడకపోతే పాదం పైన, రబ్బరు సోల్ పడకపోతే అరికాలి మీద, ముఖ్యంగా బరువు ఆనే చోట్ల వస్తుంది. మన మేస్త్రీకి వచ్చింది మొదటి రకం.

అరికాలి అంచుల్లో, వేళ్ల పక్కల్లో లోతుగా, గట్టిగా, చిన్న చిన్న గింజల్లా లేచి, చేతివేళ్ల పక్కల కూడా అలాగే వస్తుంటే దాన్ని డాక్టర్లు పామ్‌ఫాలిక్స్ అంటారు. డిస్‌హైడ్రోటిక్ ఎగ్జిమా అని ఇంకో పేరు. దీని గురించి కింద విడిగా రాస్తాను, ఎందుకంటే "కారణం తెలియదు" అని చెప్పి పంపించేది ఎక్కువగా దీన్నే.

రాత్రి పడుకోగానే ఒళ్లంతా, చేతివేళ్ల సందుల్లో, నడుము దగ్గర, తొడల దగ్గర దురద మొదలై, గదిలో ఇంకా ఇద్దరు ముగ్గురు గోక్కుంటుంటే అది గజ్జి. దానికి ఒక్కరు మందు రాసుకుంటే లాభం లేదు. గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా డాక్టర్ ఇచ్చిన క్రీము రాసుకోవాలి, వారానికి మళ్లీ రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఎనిమిది మంది ఉన్న గదిలో ఏడుగురు రాసుకుంటే ఎనిమిదోవాడి దగ్గర్నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది నేను కళ్లారా చూశాను.

సిమెంటుకీ తోలుకీ ఉన్న చుట్టరికం

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ సంగతి మన మేస్త్రీల్లో నూటికి తొంభై మందికి ఎవరూ చెప్పలేదు అనుకుంటాను.

సిమెంటు రెండు రకాలుగా చర్మాన్ని తింటుంది. ఒకటి కాల్చడం. తడి సిమెంటు సున్నంలాంటి గట్టి క్షారం. బూటులోకి జారితే మొదట మంట తెలియదు, గంటల తర్వాత చూసుకుంటే చర్మం ఊడి ఉంటుంది. లోపలికి పడిందని తెలిసిన క్షణమే బూటు, సాక్సు విప్పేసి కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. "ఈ ట్రిప్పు అయిపోనీ" అనకండి. ఇంకొక మాట. ప్యాంటు అంచు గమ్‌బూటు లోపలికి దోపుకుంటారు కదా, దాంతో కాంక్రీటు ప్యాంటు మీదుగా నేరుగా బూటులోకి దిగుతుంది. ప్యాంటు బూటు బయట వదలాలి.

రెండోది అలర్జీ. సిమెంటులో క్రోమియం అనే లోహపు ఉప్పు చాలా కొద్దిగా ఉంటుంది. సిమెంటు పనివాళ్ల చేతుల గజ్జికి ఇదే మూలమని 1950లో స్విట్జర్లాండ్‌లో ఈగర్, పెలోని అనే ఇద్దరు వైద్యులు చూపించారు. సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఆ ఉప్పు చాలా వరకు హాని చేయని రూపానికి మారుతుంది. డెన్మార్క్‌లో 1980ల్లోనే ఇది నియమం అయింది. యూరప్ దేశాల్లో 2005 జనవరి నుంచి ఆ క్రోమియం పది లక్షల్లో 2 పాళ్లకి మించకూడదని చట్టం ఉంది. ఒక పైసా మందంతో కూలీ చేతులు కాపాడిన చట్టం అది.

ఇప్పుడు చుట్టరికం. తోలును ఊనడానికి వాడే రసాయనం కూడా ఎక్కువగా క్రోమియమే. సేఫ్టీ బూట్లలో చాలా వాటి తోలు అలా ఊనిందే. పదేళ్లు సిమెంటు కలిపిన చేతులకి ఒకసారి క్రోమియం పడకుండా పోయిందంటే, తర్వాత ఆ ఒంటికి తోలు కూడా పడదు. ఒమన్ ఎండలో బూటు లోపల కాలు చెమటలో నానుతుంది, ఆ చెమట తోలులోంచి క్రోమియాన్ని కొద్దికొద్దిగా లాగి చర్మానికి పూస్తుంది. మన మేస్త్రీ చేతులు నాలుగేళ్ల కిందట పగిలాయట. గ్లోవ్స్ వేసుకోవడం మొదలుపెట్టాక తగ్గాయి. అందరూ ఆ కథ అయిపోయిందనుకున్నారు. అది కాళ్లలోకి దిగిందని ఎవరికి తట్టింది?

అతనికి అనుమానం రావలసిన ఆనవాలు మొదటి నుంచీ కళ్ల ముందే ఉంది. రెండేళ్లకొకసారి ఊరికి పోతే రెండు నెలల్లో కాళ్లు నున్నగా అయ్యేవి. తిరిగి డ్యూటీలో చేరిన పది రోజులకి మళ్లీ లేచేవి. "ఊరి నీళ్ల మహిమ" అనుకున్నాడు. ఊళ్లో వేసుకున్నది హవాయి చెప్పులు, అదీ మహిమ.

కారణం దొరకని పొక్కులు

పామ్‌ఫాలిక్స్ సంగతి. 1873లో లండన్‌లో టిల్బరీ ఫాక్స్ అనే వైద్యుడు దీన్ని వర్ణించి, చెమట బయటికి రాలేక చర్మంలో ఇరుక్కుపోవడం వల్ల వస్తుందని అనుకున్నాడు. ఆ పేరే నిలిచింది గానీ, తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే చెమట గ్రంథులకీ ఆ పొక్కులకీ సంబంధం లేదని తేలింది. అసలు కారణం ఇంతే అని ఇవాళ్టికీ ఎవరూ ఒక్క మాటలో చెప్పలేరు. రెచ్చగొట్టేవి మాత్రం తెలుసు: వేడి, ఎక్కువ చెమట, తడిలో నానడం, కొందరికి నికెల్ లాంటి లోహాలు, కాలిలోని ఫంగస్, మనసులో దిగులు.

దిగులు అంటే నవ్వకండి. దుఖ్మ్‌లో రాడ్ బెండింగ్ చేసే ఒక తమ్ముడికి అన్ని పరీక్షలూ అయ్యాయి, ఏదీ దొరకలేదు. కాగితం మీద తేదీలు రాసుకోవడం మొదలుపెట్టాక ఒకటి కనపడింది. మే నెల నుంచి వేడి పెరిగినప్పుడల్లా వస్తోంది, అది అందరూ ఊహించేదే. జనవరిలో ఒకసారి, నవంబరులో ఒకసారి కూడా వచ్చింది. ఆ రెండు సార్లూ ఊళ్లో అప్పు ఇచ్చినవాడు ఇంటి మీదకి వచ్చి వాళ్లమ్మని అన్న వారాలు. అప్పు తీరకుండా ఆ పొక్కులకి మందు చెప్పమంటే ఎవరు చెప్తారు? కానీ ఎందుకు వస్తోందో తెలిశాక "నాకేదో పెద్ద జబ్బు" అన్న భయం పోయింది, రాత్రి గోక్కోవడం సగం తగ్గింది.

ఇది వస్తే సాధారణంగా రెండు మూడు వారాల్లో పొక్కులు ఎండి, చర్మం పొరలు పొరలుగా ఊడుతుంది. మళ్లీ రావచ్చు. డాక్టర్ ఇచ్చే స్టిరాయిడ్ క్రీము ఇక్కడ నిజంగా పని చేస్తుంది, ఆయన చెప్పినన్ని రోజులే. ఒక్కొక్కరు వంకాయ మానేసి, గోంగూర మానేసి, చేపలు మానేసి, చివరికి పప్పూ అన్నంతో బరువులు మోస్తుంటారు. నికెల్ పడదని పరీక్షలో తేలిన కొద్దిమందికి మాత్రమే తిండి సంగతి డాక్టర్ చెప్తారు. మిగతావాళ్లు కడుపు నిండా తినండి, ఎండలో పనిచేసే ఒంటికి పథ్యం పేరుతో శిక్ష వెయ్యకండి.

చెయ్యకూడనివి

పొక్కు సూదితో, బ్లేడుతో చిదమకండి. పైపొర ఉన్నంతసేపు అదే కట్టు. పెద్దదై నడవలేకుండా ఉంటే క్లినిక్‌లో శుభ్రంగా నీరు తీయిస్తారు, పొర ఉంచేస్తారు.

వేడినీళ్లు పోసుకుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, గంట తర్వాత దురద రెట్టింపు అవుతుంది. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ పది పదిహేను నిమిషాలు వేసుకోండి, రోజుకి మూడు నాలుగు సార్లు. డాక్టర్ పొటాషియం పర్మాంగనేట్ రాస్తే నీళ్లు లేత గులాబీ రంగులోనే ఉండాలి. వంకాయ రంగు వచ్చిందంటే చర్మం కాలుతుంది. కణికలు పూర్తిగా కరిగాకే కాలు పెట్టండి, పిల్లలకి అందనివ్వకండి, తాగేది కాదు. వేపాకు నీళ్లు చల్లార్చి కడుక్కుంటే నేను వద్దనను. సున్నం, నిమ్మకాయ, ఉప్పు, పెట్రోలు, బ్యాటరీ నీళ్లు మాత్రం వద్దు. పెట్రోలుతో కాళ్లు కడుక్కున్న ఇద్దరిని చూశాను, ఇద్దరికీ దురద పోయింది, చర్మం కూడా పోయింది.

ఇక ట్యూబు సంగతి. ఊరి మెడికల్ షాపులో దొరికే "మూడు మందుల" ట్యూబులు మన అందరి సంచుల్లోనూ ఉంటాయి. వాటిలో ఫంగస్ మందు, యాంటీబయోటిక్, గట్టి స్టిరాయిడ్ మూడూ కలిసి ఉంటాయి. స్టిరాయిడ్ దురదని వెంటనే ఆపుతుంది, అందుకే నమ్ముతాం. లోపల ఫంగస్ ఉంటే అది కింద హాయిగా పాకుతుంది, రూపం మార్చుకుంటుంది, తర్వాత డాక్టర్ కూడా గుర్తుపట్టడం కష్టం. మన దేశంలో ఇది ఎంత పెద్ద బెడద అయిందంటే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. సోహార్‌లో ఒక ఇంట్లో పనిచేసే రాయచోటి వైపు చెల్లెమ్మకి పాదం వంపులో రూపాయి బిళ్లంత ఉన్న తామర ఇలాంటి ట్యూబ్‌తోనే మూడు నెలల్లో పిక్క దాకా ఎక్కింది. "మేడం చూస్తే పంపించేస్తాదని సాక్సులు వేసుకుని తిరిగినానన్నా" అంది. ఫంగస్‌కి విడిగా మందు ఉంది, చౌకగానే దొరుకుతుంది. అయితే దురద ఆగగానే ఆపేయకూడదు, డాక్టర్ చెప్పిన వారాలన్నీ రాయాలి.

దురద మాత్రల గురించి ఒక హెచ్చరిక. ఏవిల్ లాంటివి మత్తుగా నిద్ర తెస్తాయి. సిట్రిజిన్ కూడా కొందరికి తెస్తుంది. రాత్రి వేసుకోండి. పొద్దున వేసుకుని పరంజా ఎక్కకండి, బండి నడపకండి.

కాలు ఎర్రగా వాచి ఆ ఎరుపు పైకి పాకుతుంటే, చీము పడితే, జ్వరం వస్తే, గజ్జల్లో బిళ్ల కడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, శుక్రవారం దాకా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఎదురుచూడనే వద్దు. వాళ్లకి కాలిలో నొప్పి సరిగా తెలియదు, చిన్న పొక్కు ఎముక దాకా పోయేదాకా తెలియకపోవచ్చు.

బూటు లోపలి గాలి

జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఎండలో, ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నియమం ఉందని మీకు తెలుసు. ఆ మూడు గంటలు బూట్లతోనే పడుకునేవాళ్లు ఎక్కువ. విప్పండి. కాళ్లు కడిగి, వేళ్ల సందులు గుడ్డతో అద్ది ఆరబెట్టి, సాక్సులు మార్చుకుని సాయంత్రం పనికి వెళ్లండి. సంచిలో రెండో జత సాక్సులు ఉండటం సబ్బు ఉండటం లాంటిదే. బూట్లు రెండు జతలుంటే రోజు విడిచి రోజు వేసుకోండి, ఒక రాత్రిలో బూటు లోపల ఆరదు. లోపలి అట్ట బయటికి తీసి విడిగా ఆరబెట్టండి. సలాలాలో ఉన్నవాళ్లకి ఖరీఫ్‌లో, అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, ఎండ కనపడదు, బూటు వారమంతా తడిగానే ఉంటుంది. వాళ్లు పాత పేపరు ఉండలు చేసి బూట్లో కుక్కి పెడితే తేమ లాగుతుంది.

ఇళ్లలో పనిచేసే అక్కలకి బూటు బాధ లేదు గానీ నీళ్ల బాధ ఉంది. వట్టి కాళ్లతో బాత్‌రూము కడగడం, క్లోరాక్స్ సీసా నేరుగా నేల మీద ఒంపడం, ఆ నీళ్లలో పావుగంట నిలబడటం. బ్లీచు చర్మం మీది నూనెని పీల్చేస్తుంది, తర్వాత ఏది తగిలినా పొక్కే. సీసా మీద రాసినంత నీళ్లు కలపండి, కాలికి మూసి ఉన్న ప్లాస్టిక్ చెప్పులు వేసుకోండి, పని అయ్యాక మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టి వాజెలిన్ రాయండి. బ్లీచులో యాసిడ్ గానీ, వేరే టాయిలెట్ క్లీనర్ గానీ కలపకండి, ఆ పొగ ఊపిరితిత్తులకి విషం. చెప్పులు కొనివ్వమని మేడంని అడగటానికి మొహమాటపడకండి. "నేల మీద జారుతున్నాను" అంటే చాలామంది వెంటనే కొనిస్తారు. దురద అంటే భయపడతారు, జారడం అంటే అర్థం చేసుకుంటారు.

కాలికి ఒక డేబుక్

కామర్స్‌లో మొదట నేర్పేది డేబుక్. ఏ రోజు లావాదేవీ ఆ రోజు రాయడం. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అది కథ అవుతుంది, లెక్క కాదు. కాలికి కూడా అంతే. చిన్న నోటుబుక్కులో గానీ, ఫోన్‌లో గానీ రోజుకి ఒక్క లైను చాలు: తేదీ, ఆ రోజు చేసిన పని, వేసుకున్న బూటు, పొక్కు లేచిన చోటు, రాసుకున్న మందు. సెలవు రోజు కూడా రాయాలి, అసలు అదే ముఖ్యం. తాజా పొక్కు కనపడగానే ఫోన్‌తో ఫోటో తీయండి. మీకు అపాయింట్‌మెంట్ దొరికి డాక్టర్ ముందు కూర్చునేసరికి అది ఎండిపోయి ఉంటుంది, ఆయన పొట్టు చూసి ఏం చెప్తాడు?

మేస్త్రీ ఆరు వారాలు రాశాడు. తమ్ముడి చేత రాయించాడు అనాలి. అందులో శుక్ర, శనివారాలు కాళ్లు చల్లగా ఉన్నాయి, మంగళవారానికల్లా పొక్కులు నిండుతున్నాయి. కంపెనీ గమ్‌బూట్లు ఇచ్చిన నాలుగు రోజులు, అంటే స్లాబు రోజులు, పైభాగం తగ్గింది. ఆ కాగితం చూశాకే చర్మం డాక్టర్ ప్యాచ్ టెస్ట్ రాశారు. వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అతికిస్తారు, ఒక్కో దాంట్లో ఒక్కో పదార్థం. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. తీసేసి ఒకసారి, మరో రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. అతనికి క్రోమియం దగ్గర ఎర్రగా దద్దు లేచింది. ఏడాది పాటు ఎండ, నీళ్లు, వంకాయ అన్నిటి మీదా వేసిన నింద ఒక్క దద్దుతో తేలిపోయింది.

క్లినిక్‌లో భాష రాకపోతే: హిందీలో "పైర్ మే ఖుజ్లీ, పానీ వాలే దానే" అంటే చాలామంది నర్సులకి అర్థమవుతుంది. అరబీలో దురద "హక్కా", అలర్జీ "హస్సాసియా". "బూట్లు వేసుకుంటే వస్తోంది, విప్పితే తగ్గుతోంది" అన్న మాట ఏ భాషలోనైనా తప్పక చెప్పండి. "ఇన్‌ఫెక్షన్" అని ఒక ఇంజెక్షన్ ఇచ్చి రెండు నిమిషాల్లో పంపిస్తే, ఇంకో వారానికి మళ్లీ వస్తే, చర్మం డాక్టర్ దగ్గరికి పంపమని అడగండి. అడగడం తప్పు కాదు.

కాగితం, హక్కు

పని వల్ల చర్మానికి వచ్చే అలర్జీ పనిజబ్బే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన పనిజబ్బుల పట్టికలో చర్మం జబ్బులకి విడిగా చోటు ఉంది. ఒమన్‌లో పనిచోట భద్రత గురించిన 286/2008 నంబరు మంత్రిత్వ నిర్ణయం ఉంది. పనిలో ఉన్న ప్రమాదం చెప్పడం, రక్షణ సామగ్రి ఇవ్వడం యజమాని బాధ్యత. దాని ఖర్చు జీతంలోంచి కోయకూడదు. కాబట్టి "ఆ బూటు పడకపోతే నీ డబ్బుతో కొనుక్కో" అన్నది సరైన మాట కాదు. అలాగని చెప్పులతో సైటుకి వెళ్లకండి. మేకు దిగితే తప్పు మీదే అంటారు, పైగా కాలు మీది. అడగవలసింది తోలు లేని సేఫ్టీ బూటు, ముందు ఇనుప టోపీ ఉన్నదే. అలాంటివి మార్కెట్‌లో ఉన్నాయి.

2023 జూలైలో వచ్చిన కొత్త కార్మిక చట్టం, రాయల్ డిక్రీ 53/2023 ప్రకారం, డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఏడాదికి 182 రోజుల దాకా జబ్బు సెలవు ఉంది. మొదటి 21 రోజులకి పూర్తి జీతం, 22 నుంచి 35 దాకా 75 శాతం, 36 నుంచి 70 దాకా 50 శాతం, ఆ తర్వాత 35 శాతం. పొక్కులకి ఇన్ని రోజులు ఎవరికీ అక్కర్లేదు. కానీ మూడు రోజులు కాలు నేల మీద పెట్టొద్దని డాక్టర్ రాస్తే ఆ మూడు రోజులు మీ హక్కు, ఫోర్‌మన్ దయ కాదు. కాగితం లేకుండా గదిలో పడుకుంటే అది గైర్హాజరు. ఈ తేడాకే మన వాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకి నిబంధనలు వేరుగా ఉన్నాయి, రోజుల లెక్క ఇదే అనుకోకండి. జబ్బు చేస్తే వైద్యం చేయించే బాధ్యత మాత్రం యజమానిదే.

కంపెనీకి ఇచ్చే ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. పేరు, ఐడీ నంబరు, ఏ తేదీ నుంచి ఈ బాధ, డాక్టర్ ఏం రాశారు, మీరు అడిగేది ఏమిటి, అంతే. డాక్టర్ కాగితం జిరాక్సు జత చెయ్యండి, అసలుది మీ దగ్గరే ఉంచండి. ఉత్తరం రెండో కాపీ మీద తీసుకున్నవాళ్ల సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టనంటే అదే ఉత్తరం ఫోటో తీసి క్యాంపు బాస్‌కి వాట్సాప్‌లో పంపండి, దానిమీద తేదీ ఉంటుంది. మేస్త్రీ ఉత్తరానికి మూడు వారాలు జవాబు రాలేదు. నాలుగో వారం సేఫ్టీ ఆఫీసరు పిలిచి బూటు సైజు అడిగాడు. గొడవ ఏమీ జరగలేదు, పంపేయడమూ జరగలేదు. అందరికీ ఇంత తేలికగా జరుగుతుందని నేను అనను. జవాబు రాకపోతే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయవచ్చు. మస్కట్‌లో మన ఎంబసీ ఓపెన్ హౌస్ పెట్టినప్పుడు కాగితాలతో వెళ్లి చెప్పుకోవచ్చు. రెండు చోట్లా మొదట అడిగేది కాగితమే.

క్రోమియం ఒకసారి పడలేదంటే ఇక జన్మంతా పడదు. మేస్త్రీకి ఆ మాట చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి సిమెంటు పని?" అని అడిగాడు. పని మానక్కర్లేదు అన్నారు డాక్టర్. మోచేతి దాకా గ్లోవ్స్, కింద పలచటి నూలు గ్లోవ్స్, తోలు లేని బూట్లు, భోజనానికి ముందు చేతులు కడగడం. ఇప్పుడు అతను టైల్స్ పనికి మారాడు, అక్కడ తడి సిమెంటు తక్కువేమీ కాదు గానీ బూటులోకి దిగదు. కాళ్ల మీద నల్ల మచ్చలు మిగిలాయి. మొన్న వెళ్లినప్పుడు దుప్పటి లేదు.

మీలో ఎవరైనా చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే ఒక పని చెయ్యండి. పనికి వేసుకునే బూట్లు, సాక్సులు, రాసుకున్న ట్యూబులన్నీ, సగం అయిపోయినవి కూడా, ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. బూట్లు కడగకండి. ఉన్నవి ఉన్నట్టే ఆయనకి చూపించండి.